చినుకు బండికి చట్రం

అనగనగా ఒక అడవిలో, కొండకి ఈవలి పక్కన, గవరయ్య అనే ముంగిస ఉండేవాడు. చెక్కపని అంటే అతనికి ప్రాణం. పీట కావాలన్నా, తలుపు గడియ కావాలన్నా అడవిలో అందరూ అతని దగ్గరికే వచ్చేవారు. అతని భార్య పారమ్మ. ఆమె కాలు ఒకప్పుడు వేటగాడి ఉచ్చులో పడింది. ఎలాగో బయటపడింది గానీ, అప్పటినుంచి నాలుగడుగులు వేస్తే కూర్చోవలసిందే.

పారమ్మకి నూకాలమ్మ అని ఒక అక్క ఉంది. కొండకి ఆవలి పక్కన కాపురం. అక్కచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకుని ఆరేళ్లయింది.

ఒకరోజు పొద్దున్నే ఒక చిలక వచ్చి గుమ్మం ముందు వాలింది.

"పారమ్మా, మీ అక్క కబురు పంపింది. కళ్లు మసకేస్తున్నాయట. ఉన్న చూపు పోకముందే నీ మొహం ఒక్కసారి చూడాలని ఉందట," అని చెప్పింది.

పారమ్మ చేతిలో చేట పక్కన పెట్టి, కుంటికాలు మెల్లగా నిమురుకుంది. గవరయ్య మనసు చివుక్కుమంది.

"నువ్వు నడవక్కర్లేదు పారీ. చక్రాల మీద నీకు ఇల్లు కడతాను. అందులో కూర్చునే వెళ్దువుగాని," అన్నాడు.

అప్పటికప్పుడు ఇసకలో బొమ్మ గీశాడు. ఆ ఇల్లు ముందు గుండ్రంగా, వెనక సన్నగా, జారబోతున్న వాన చినుకులా ఉంది.

"ఇలా కడితే ఎదురుగాలి పక్కనుంచి జారిపోతుంది. లోపల ఇద్దరం పడుకోవచ్చు. వెనక మూత ఎత్తితే పొయ్యి, గిన్నెలు," అని చూపించాడు.

పక్కింటి గాడిద అప్పన్న ఆ బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"బాగుంది గవరన్నా. లాగేది నేనే గదా! నేను లాగగలిగేట్టు చెయ్యి, అదొక్కటే నేను అడిగేది," అన్నాడు.

పది రోజుల్లో వెదురు తడికలతో గోడలు, పలచటి చెక్కతో పైకప్పు తయారయ్యాయి. ఇక ఇల్లంతా మొయ్యడానికి కింద ఒక చట్రం కావాలి. చట్రమంటే రెండు చక్రాలు, వాటిని కలిపే ఇరుసు, పైన ఇనుప కమ్మీలు. గవరయ్యకి చెక్క సంగతి తెలిసినంతగా ఇనుము సంగతి తెలియదు. అందుకని కోటయ్య తాతని వెంటబెట్టుకున్నాడు. కోటయ్య తాత ముసలి అలుగు. ఒంటినిండా పొలుసులే. కొలిమి పని చేసీ చేసీ చేతులు నల్లబడిపోయాయి.

అడవి అంచున గంగులు అనే ఎలుగుబంటి పాత బండ్లు పోగేసి పెట్టుకున్నాడు. అప్పన్నతో కలిసి ముగ్గురూ అక్కడికి వెళ్లారు.

మొదటి చట్రం దుంగలు మోసిన బండిది. ఏనుగు ఎక్కినా చలించదు. అప్పన్న దాన్ని భుజంతో నెట్టి చూశాడు. అంగుళం కూడా కదల్లేదు.

"ఇది ఉత్తదే ఇంత బరువుంటే, దీనిమీద ఇల్లు కూడానా! నన్ను చంపుతావా అన్నా?" అని వెనక్కి తగ్గాడు.

రెండోది పడవలు మోసిన బండిది. తేలిక. అప్పన్న ఇలా ముట్టుకోగానే అలా దొర్లింది. గంగులు దానికి నిగనిగలాడే ఎర్రరంగు వేసి ఉంచాడు. చూడగానే గవరయ్య కళ్లు మెరిశాయి.

మూడోది నీళ్ల పీపా మోసిన బండిది. నిలువెల్లా తుప్పు. ఒక చక్రం లొడలొడమంటోంది. దానిమీద ఒక బల్లి ఎండకాగుతోంది.

కోటయ్య తాత గవరయ్య చేతికి చిన్న సుత్తి ఇచ్చాడు.

"చూడు నాయనా, మూడు పనులు చెయ్యి. ఒకటి, కమ్మీ పొడుగునా తట్టు. ఖణేల్ మంటే మంచి ఇనుము, బొదబొదమంటే లోపల తుప్పు తినేసిందన్న మాట. రెండు, ఈ మూల నుంచి ఎదురు మూలకి తీగతో కొలిచి చూడు. రెండు వైపులా ఒకే కొలత రాకపోతే చట్రం వంకర. మూడు, ఇల్లు ఎక్కించకముందే అంత బరువు రాళ్లు వేసి ఎత్తు ఎక్కించి చూడు."

గవరయ్య తుప్పు చట్రాన్ని తట్టాడు. ఖణేల్ మంది. కొలిస్తే రెండు కొలతలూ సరిపోయాయి.

"తుప్పు పైపైనే ఉంది. గీకి, చక్రం బాగుచేసుకుంటే పన్నెండు రోజుల్లో నీ బండి కదులుతుంది," అన్నాడు తాత.

తర్వాత గవరయ్య ఎర్ర చట్రాన్ని తట్టాడు. ఖణేల్, ఖణేల్... ఇరుసు దగ్గరికి వచ్చేసరికి బొదబొదమంది. గవరయ్య చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ అక్కడ తట్టలేదు. తాత అప్పుడు పీపా బండి చక్రం చూస్తున్నాడు. ఆ చప్పుడు వినలేదు.

"గంగులూ, ఇది గట్టిదేనా?" అని అడిగాడు గవరయ్య.

"నాకు రంగు వెయ్యడం వచ్చు గానీ ఇనుము సంగతి ఏం తెలుసు అన్నా? కావాలంటే రంగు గీకి చూసుకో," అన్నాడు గంగులు.

గీకితే అందం పోతుంది. తుప్పు చట్రమైతే పన్నెండు రోజులు ఆలస్యం. అక్కడ వదినగారి చూపు రోజురోజుకీ తగ్గిపోతోంది. పైగా ఆరేళ్ల తర్వాత అక్కగారి వాకిట్లో భార్యని తుప్పుబండిలో దించడమా? గవరయ్యకి మనసొప్పలేదు.

"ఇదే తీసుకుంటాను. తీరిక లేదు తాతా," అన్నాడు.

"రాళ్లు వేసైనా చూస్తావా మరి?" అని అడిగాడు తాత.

"చూస్తాలే," అన్నాడు గవరయ్య. చూడలేదు.

రెండు రోజుల్లో ఇల్లు ఎర్ర చట్రం మీదికి ఎక్కింది. అడవంతా చూడ్డానికి వచ్చింది. "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!" అని నెమళ్లు మురిసిపోయాయి. పారమ్మ చిన్న కిటికీలోంచి తల బయటపెట్టి, చాలా కాలానికి నవ్వింది. మర్నాడు పొద్దున్నే బయల్దేరారు.

మధ్యాహ్నానికి కొండదారి మొదలైంది. మొదటి మలుపులో బండి కింద 'టక్' మంది.

"ఏమిటయ్యా ఆ చప్పుడు?" అంది పారమ్మ లోపలినుంచి.

"రాయి తగిలింది," అన్నాడు గవరయ్య.

రెండో మలుపులో మళ్లీ 'టక్' మంది. ఈసారి అప్పన్న ఆగిపోయాడు.

"అన్నా, బండి ఒక పక్కకి గుంజుతోంది."

"ఆపి చూడవయ్యా," అంది పారమ్మ.

"ఈ ఒక్క ఎత్తు ఎక్కితే అంతా చదునే. నడు అప్పన్నా," అన్నాడు గవరయ్య.

మూడోసారి టక్ మనలేదు. ఫట్ మని ఇరుసు విరిగింది. ఇల్లు లోయవైపు ఒరిగిపోయింది. లోపల గిన్నెలన్నీ దడదడా దొర్లాయి. పారమ్మ కెవ్వుమంది. అప్పన్న నాలుగు గిట్టలూ నేలలోకి దిగేసి, పళ్లు బిగబట్టి నిలబడ్డాడు. మెడకి కట్టిన పట్టెడ రాసుకుని అతని భుజం చర్మం లేచిపోయింది. అయినా కదల్లేదు. గవరయ్య పెద్ద రాయి దొర్లించి చక్రం కింద తోశాడు. కిటికీలోకి సగం దూరి, పారమ్మని రెండు చేతులా పట్టి బయటికి లాగాడు.

ముగ్గురూ దారి పక్కన కూలబడ్డారు. అప్పన్న భుజం నుంచి రక్తం కారుతోంది. పారమ్మ తన కొంగు చింపి కట్టు కట్టింది.

గవరయ్య లేచి విరిగిన చోటు చూశాడు. ఎర్రరంగు కింద ఇనుము లేదు. పిండిలా రాలిపోతున్న తుప్పు మాత్రమే ఉంది. అతను వచ్చి ఇద్దరి ఎదుటా కూర్చున్నాడు.

"ఇది నాకు తెలుసు," అన్నాడు. "ఆ రోజు సుత్తితో తట్టినప్పుడు ఇక్కడే తేడాగా మోగింది. విన్నాను. విననట్టు ఊరుకున్నాను."

పారమ్మ అతని మొహంలోకి చూసింది.

"నాతో ఒక్క మాట చెప్పి ఉంటే, ఆ తుప్పుబండే చాలు అనేదాన్ని కదయ్యా," అంది.

ఆ మాటకి గవరయ్య తల ఎత్తలేకపోయాడు.

"సరేలే అన్నా," అన్నాడు అప్పన్న. "ఈసారి నువ్వు చెప్పావని బండి లాగను. నాకు చూపిస్తేనే లాగుతాను."

"అలాగే," అన్నాడు గవరయ్య.

ఆ దారిన పోయేవాళ్లు సాయం పట్టి పారమ్మనీ ఇంటినీ కిందికి చేర్చారు. పీపా బండి చట్రం గంగులు దగ్గర ఇంకా అలాగే పడి ఉంది. కోటయ్య తాత ఎవరూ పిలవకుండానే తుప్పు గీకే ఆకురాయి పట్టుకుని వచ్చాడు. ఒక్క మాట కూడా దెప్పలేదు. ఇద్దరూ కూర్చుని పన్నెండు రోజులు తుప్పు గీకారు. ఒక అడ్డకమ్మీ బలహీనంగా కనబడితే తీసేసి కొత్తది వేశారు. తర్వాత ఇంటి బరువుకి సరిపడా రాళ్లు ఎక్కించి, గవరయ్య తానే కాడి పట్టి లాగబోయాడు. జానెడు కూడా కదల్లేదు. దున్నపోతు ఒకడు జాలిపడి వచ్చి, ఆ రాళ్ల బండిని మూడుసార్లు ఎత్తు ఎక్కించి దించాడు. అప్పన్న పక్కనే నడుస్తూ, ఇరుసు వైపు చెవి వంచి మరీ విన్నాడు. టక్ మనలేదు.

అప్పన్న భుజం మానడానికి ఇంకో పక్షం పట్టింది. మొత్తం మీద నెలరోజులు గడిచాక చినుకు బండి మళ్లీ బయల్దేరింది. ఈసారి కొండ దాటింది.

నూకాలమ్మ వాకిట్లో ఎండకి కూర్చుని ఉంది. బండి చప్పుడు విని తల తిప్పింది. ఆమె కళ్లు పాలలా తెల్లగా ఉన్నాయి. వెలుగూ నీడా తప్ప ఇంకేమీ ఆనడం లేదు.

"ఎవరదీ?" అంది.

"అక్కా, నేనే," అంది పారమ్మ.

నూకాలమ్మ చెయ్యి చాచింది. చెల్లెలి నుదురు, బుగ్గలు, గడ్డం వేళ్లతో మెల్లగా తడిమింది.

"చిక్కిపోయావే పారీ," అంది. ఇద్దరూ ఏడ్చారు.

గవరయ్య దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"వదినా, నెల కిందటే రావలసింది. అప్పటికి నీకు చూపు ఉండేది. ఆలస్యం నా వల్లే జరిగింది," అని జరిగిందంతా దాచకుండా చెప్పాడు.

నూకాలమ్మ చేత్తో తడిమి అతని భుజం పట్టుకుంది.

"పోయిన చూపు నువ్వు తెచ్చివ్వలేవు మరిదీ," అంది. "ఆ కొండమీంచి నా చెల్లెల్ని లోయలో పడెయ్యకుండా తెచ్చావు. అది చాలు. రా, కాళ్లు కడుక్కో."

వాళ్లు అక్కడ రెండు నెలలు ఉన్నారు. రోజూ పొద్దున్నే అక్కచెల్లెళ్లిద్దరూ చినుకు బండిలో కూర్చునేవారు. అప్పన్న మెల్లగా ఏటి ఒడ్డు వెంట నడిచేవాడు. పారమ్మ కిటికీలోంచి కనబడిందల్లా చెబుతుంటే నూకాలమ్మ వింటూ ఉండేది. బండి కదిలే ముందు గవరయ్య చిన్న సుత్తితో ఇరుసు చుట్టూ తట్టేవాడు. అప్పన్న తల ఊపాకే పక్కకి తప్పుకునేవాడు.

నీతి: పైకి కనబడే అందం కన్నా కింద మోసేదాని బలం ముఖ్యం. లోపం ఉందని మనసుకి తెలిశాక తెలియనట్టు ఊరుకుంటే, ఆ బరువు మనల్ని నమ్మినవాళ్ల మీద పడుతుంది.