నూకాలు పట్టు

విన్నవాళ్లకి విన్నంత, చెప్పినవాళ్లకి చెప్పినంత. కొండకీ గెడ్డకీ నడుమ ఒక ఊరుండేది. ఆ ఊళ్లో నూకాలు అని ఒక ఒంటరి ఆడమనిషి. చిన్నతనంలో చెరకు గానుగలో పడి ఆమె ఎడమ చెయ్యి మొత్తం పోయింది. మిగిలిన కుడిచేత్తోనే కొండచీపుళ్లు కట్టుకుని బతికేది. పుల్లల్ని కాలివేళ్లతో బిగించి, తాడుని పంటితో లాగి, చేత్తో ముడేసేది.

ఒక ఎండాకాలం పోడు కోసమని కొండ మీద తుప్పలు నరికారు. వాటిలో దూలగొండి తీగలున్నాయి. కాయలు ఎండాయి. పెద్దగాలి లేచింది. కాయల మీది నూగంతా ఎగిరొచ్చి ఊరి మీద పడింది.

ఇక చూడండి! కూర్చుంటే దురద, నించుంటే దురద, పడుకుంటే దురద. పెద్దలు గోకారు, పిల్లలు గోకారు. గోళ్లు చాలక కుండపెంకులతో గోకారు. పేడ పూసుకుని, బూడిద పూసుకుని, గెడ్డ నీళ్లలో మునిగి లేచారు. నూగు పోయింది. దురద పోలేదు. ఒంటినిండా గీతలు. గీతలు పుళ్లయ్యాయి. పుళ్ల మీద ఈగలు వాలాయి. ముసలి కన్నయ్యకి ఆ పుళ్లతోనే జ్వరమొచ్చి ప్రాణం పోయింది.

ఊరిపెద్ద అప్పలసూరి చాటింపు వేయించాడు. "అమ్మోరికి కోపమొచ్చింది. అమాస ఎల్లగానే ఊరొదిలేద్దాం."

నూకాలు ఒళ్లూ అందరిలాగే మండింది. ఆమే అందరిలాగే గోక్కుంది. ఒక పొద్దున చీపురు కడుతూ తన చెయ్యి చూసుకుంది. కాళ్ల మీద పుళ్లు, మెడ మీద పుళ్లు, పొట్ట మీద పుళ్లు. చెయ్యి మాత్రం నున్నగా ఉంది. దాని మీద దురద కూడా లేదు. మోచేతి దగ్గర ఒక్క పుండు. గుమ్మానికేసి రుద్దుకున్న చోటది.

ఆ చేతిని గోకడానికి ఆమెకి ఇంకో చెయ్యేదీ?

"ఓలమ్మో! గోకితే దురద పోద్దనుకున్నాం. గోకే కొద్దీ అదే పెరుగుతోంది."

ఇక గోకలేదు. దురద పుట్టిన చోట అరచేత్తో తట్టింది, తడిగుడ్డ వేసింది, పళ్లు బిగబట్టింది. మెల్లగా పుళ్లు ఎండాయి. అప్పుడు ఊరికి చెప్పాలని బయల్దేరింది.

ముందు అప్పలసూరి దగ్గరికెళ్లింది. "గోక్కోకండి బావూ" అంది.

అతను వీపు గోక్కుంటూనే, "సెయ్యి లేనోలికి అది తేలికేలే" అన్నాడు.

తర్వాత నూతి దగ్గర ఆడవాళ్లకి చెప్పింది. వాళ్లు గోక్కుంటూనే నవ్వారు.

మూడోసారి అసిరమ్మ ఇంటికెళ్లింది. అసిరమ్మ కోడలు పైడమ్మ పచ్చిబాలింత. చేతులు పుండై, ఒళ్లు కాలిపోతూ చాప మీద పడి ఉంది. పక్కన పసిబిడ్డ పాలకి ఏడుస్తున్నాడు. ఎత్తుకునే ఓపిక తల్లికి లేదు.

నూకాలు చాప పక్కన కూర్చుంది. ఊరు కదిలితే ఈ పిల్ల దారిలోనే పోతుంది.

"నీకాడ మందేటుందే?" అని అడిగింది అసిరమ్మ.

"మందు లేదప్పా. దీన్ని గోక్కోనీకుండా పట్టుకోవాల. నాకున్నది ఒక్క సెయ్యి. ఒకటి నాను పడతాను, ఒకటి నువ్వు పట్టు."

పట్టుకున్నారు. పైడమ్మ బతిమాలింది. "అత్తా, ఒక్కసారి! ఒకే ఒక్కసారి గోక్కోనీ!"

అసిరమ్మ మనసు కరిగి చెయ్యి సడలించింది.

"ఒదలకప్పా!" అని అరిచింది నూకాలు.

పైడమ్మ తిట్టింది, తన్నింది, వంగి నూకాలు మణికట్టు కరిచింది. నెత్తురొచ్చింది. నూకాలు కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ పట్టు సడలలేదు.

"కరువమ్మా, కరువు. నన్ను కరువు. నిన్ను నువ్వు గోక్కోకు."

అసిరమ్మ అలిసిపోతే పక్కింటివాళ్లు వచ్చి పట్టారు. వాళ్లు అలిసిపోతే ఇంకొకళ్లు. తడిగుడ్డలు మార్చారు, ఈగలు తోలారు. నూకాలు మాత్రం అక్కణ్ణుంచి లేవలేదు. పొద్దు గడిచింది, రోజులు గడిచాయి. పైడమ్మకి కునుకు పట్టింది. జ్వరం దిగింది. ఒక ఉదయం కళ్లు తెరిచి, "నా గుంటడేడీ?" అంది. బిడ్డ కడుపునిండా పాలు తాగాడు.

ఆ మాట ఊరంతా పాకింది. అప్పటికి బళ్ల మీద సామాన్లు ఎక్కించి ఉన్నాయి. అప్పలసూరి తన రెండు చేతులూ చాపుకుని వచ్చాడు.

"నన్ను కూడా పట్టుకోయే అమ్మా."

"నాకున్నది ఒక్క సెయ్యే బావూ. ఊరినెలాగ పట్టేది? మీకు మీరు లేరా?"

అంతే. ఊళ్లో ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. మొగుడి చేతులు పెళ్లాం పట్టింది. అత్త చేతులు కోడలు పట్టింది. గట్టు తగాదాతో మాటల్లేని అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చుని, మొదట పళ్లు నూరుకుని, తర్వాత మాట్లాడుకున్నారు. పుళ్లు మానాయి. బళ్ల మీది సామాన్లు దింపారు. ఊరు ఊరుగానే నిలిచింది.

నూకాలు ముసలిదై, చీపుళ్లు కట్టుకుంటూనే కన్నుమూసింది. కొడుకుల్లేని ఆమెకి ఊరంతా పాడె మోసింది.

ఇప్పటికీ అక్కడ పిల్లలు గోక్కుంటే తల్లులు కసరరు. మణికట్టు పట్టుకుని, అరచేత్తో తడుతూ, "నూకాలు పట్టు, నూకాలు పట్టు, నూకాలు పట్టు" అంటారు. పాత గొడవ ఎవరైనా మళ్లీ తవ్వబోతే పెద్దలు "గోకకు, తట్టు" అంటారు. ఆ ఊరితో సంబంధం కలుపుకునేటప్పుడు గెడ్డ అవతలివాళ్లు కులం, పొలం తర్వాత అడుగుతారు. ముందు ఒకటే మాట అనుకుంటారు:

"ఆ ఊరోలు సెయ్యి పట్టుకుంటే ఒదలరు."