గురువారం తొమ్మిదింటికి

ఇటు తిరిగి పడుకో బంగారం. దుప్పటి కాళ్ళ దాకా లాక్కో. ఊఁ కొడుతూ ఉండు, చెబుతాను.

అనగనగా, సముద్రపు నీళ్ళు ఎండి ఉప్పయ్యే ఒక ఊళ్ళో ఏడుకొండలు అని ఒకాయన ఉండేవాడు. ఆయన భార్య పేరు తిరపతమ్మ. ఇద్దరూ ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్ళు. మడి అంటే చుట్టూ గట్టు కట్టిన చిన్న పొలం ముక్కలాంటిది. అందులోకి ఉప్పునీళ్ళు వదులుతారు. ఎండకి నీళ్ళు ఆవిరైపోయి అడుగున తెల్లగా ఉప్పు మిగులుతుంది. దాన్ని లాగి గట్టు మీద రాశి పోస్తారు. వాన పడితే ఆ రాశి కరిగిపోతుంది. అందుకని మబ్బు కనిపిస్తే చాలు, అందరూ పరుగెత్తి తాటాకులు కప్పుతారు.

ఏడుకొండలు మంచివాడే. ఎవరికైనా సాయం పడతాడు, ఎవరినీ ఒక మాట అనడు. కానీ ఏ పనికీ వేళకి రాడు. చేతిలో పని వదల్లేడు మరి. "ఈ ఒక్కటీ అయిపోనీ" అంటాడు. ఆ ఒక్కటీ అయ్యేసరికి పక్కన ఇంకొకటి కనిపిస్తుంది. తన పెళ్ళికి తనే ఆఖర్న వచ్చాడని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవాడు. అప్పటిదాకా ఆయన ఆలస్యం వల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

పెళ్ళయిన ఎనిమిదేళ్ళకి వాళ్ళకి ఒక ఆడపిల్ల పుట్టింది. నాంచారి అని పేరు పెట్టుకున్నారు. పిల్ల బాగుంది, ఏడుపు బాగుంది, పాలు తాగుతోంది. కానీ కుడి పాదం లోపలికి తిరిగిపోయి ఉంది. అరికాలు ఆకాశం వైపు చూస్తోంది.

తిరపతమ్మ ఆ పాదాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఏడవలేదు. "దీన్ని ఎవరికి చూపించాలి?" అని అడిగింది, అంతే.

అప్పుడు కాన్పు చేసిన నర్సమ్మ వాళ్ళని టౌను ఆసుపత్రికి పంపించింది. అక్కడ ఇందుమతి అని ఒక డాక్టరమ్మ ఉండేది. ఆవిడ వారానికి ఒక్కరోజే, గురువారం నాడే వచ్చేది. మధ్యాహ్నం కాగానే ఇంకో ఊరి ఆసుపత్రికి వెళ్ళిపోయేది.

డాక్టరమ్మ పిల్ల పాదాన్ని మెల్లగా తిప్పి చూసింది. "భయపడకండి. ఇది సరవుతుంది. పసిపిల్లల ఎముకలు లేతగా ఉంటాయి. వారానికి కొంచెం చొప్పున తిప్పి, సిమెంటు కట్టు వేస్తాను. ఆరు కట్లు పడతాయేమో. కానీ ప్రతి గురువారం తొమ్మిదింటికి ఇక్కడ ఉండాలి" అంది.

"తొమ్మిదింటికే రావాలా అమ్మా?" అన్నాడు ఏడుకొండలు.

"పాదం పాత దారిని అంత తొందరగా మర్చిపోదు ఏడుకొండలూ. మనం ఆగితే అది వెనక్కి పోతుంది. పైగా పిల్ల పెరుగుతూ ఉంటుంది, కట్టు పెరగదు. వేళ దాటితే పుండు పడుతుంది" అంది డాక్టరమ్మ.

ఏడుకొండలు తలూపాడు. ఆ రోజు తొడ దాకా తెల్లటి కట్టు వేయించుకుని ఇంటికొచ్చారు.

ఆ తర్వాత రెండో గురువారం వచ్చింది. బస్సు ఏడింటికి. బస్సు ఆగే రోడ్డుకి మూడు మైళ్ళు నడవాలి. తిరపతమ్మ పిల్లకి స్నానం లేకుండానే ఒళ్ళు తుడిచి, గుడ్డలో చుట్టుకుని, గుమ్మంలో నిలబడింది. ఏడుకొండలు మడిలో ఉన్నాడు. "ఈ ఒక్క మడీ లాగేసి వస్తా" అన్నాడు. ఏడింటి బస్సు పోయింది. తర్వాతి బస్సుకి వెళ్ళేసరికి పదకొండైంది. డాక్టరమ్మ ఇంకా ఉంది. కట్టు వేసి, "ఇవాళ నేనున్నాను కాబట్టి సరిపోయింది" అంది. ఏడుకొండలుకి 'సరిపోయింది' అన్న మాటే వినపడింది.

మూడో గురువారం తెల్లవారేసరికి దక్షిణాన మబ్బు పట్టింది. ఊరు ఊరంతా తాటాకులు పట్టుకుని గట్ల మీదికి పరుగెత్తింది. తిరపతమ్మ గట్టు దాకా వచ్చింది. "నేనొక్కదాన్నే తీసుకుపోతా అయ్యా" అంది. ఆమె ఎప్పుడూ ఒంటరిగా టౌనుకి పోలేదు. "నీకు దారి తెలవదు. ఈ ఒక్క రాశీ కప్పి వస్తా, ఆగు" అన్నాడు. ఆమె ఆగింది. ఒక రాశి రెండు రాశులైంది. వాన మాత్రం రాలేదు.

వాళ్ళు ఆసుపత్రికి చేరేసరికి ఒంటిగంట దాటింది. డాక్టరమ్మ వెళ్ళిపోయింది. కట్లు విప్పే కాంపౌండరు దావీదు ఒక్కడే ఉన్నాడు. ఆయన కట్టు వైపు వంగి చూశాడు. బయటికి కనిపించాల్సిన కాలి వేళ్ళు లోపలికి పోయాయి.

"కట్టు జారింది కొండలన్నా. ఇది ఉంచకూడదు" అన్నాడు.

గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి మెల్లగా విప్పాడు. మడమ దగ్గర చర్మం ఒరుసుకుపోయి, ఎర్రగా పచ్చి పుండు పడి ఉంది. నాంచారికి గాలి తగలగానే ఏడుపు వచ్చింది. ఆ ఏడుపుకి దావీదు కూడా ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

పుండు మానేదాకా కట్టు వేయడానికి లేదు. అది మానడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా పాదం మళ్ళీ లోపలికి తిరిగిపోయింది. అరికాలు మళ్ళీ ఆకాశం వైపు చూసింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. "మళ్ళీ మొదటి నుంచి" అంది.

ఆ రోజు ఇంటికి మూడు మైళ్ళూ తిరపతమ్మే పిల్లని మోసింది. ఏడుకొండలు రెండుసార్లు పిల్లని ఎత్తుకుంటానన్నాడు. ఆమె ఇవ్వలేదు.

ఆ తర్వాత ఆయన మారాడు. మారాడనే అందరూ అనుకున్నారు. అయిదు గురువారాలు ఏడింటి బస్సు తప్పలేదు. కట్టు తర్వాత కట్టు, పాదం మెల్లగా బయటికి తిరిగింది. అప్పుడు డాక్టరమ్మ, "ఇంక ఒక్కటే మిగిలింది. మడమ వెనక నరం బిగుసుకుని ఉంది. చిన్న గాటు పెట్టి వదులు చేస్తాం. మత్తు ఇవ్వాలి, అందుకని తెల్లవారకముందు ఒకసారి పాలిచ్చి ఇంక పట్టొద్దు. వచ్చే గురువారం ఇద్దరు పిల్లలకి చేస్తున్నాం. మీ పాప చిన్నది, తననే ముందు తీసుకుంటాను" అంది.

ఆ గురువారం ముగ్గురూ చీకటితోనే బయల్దేరారు. దారిలో ఏడుకొండలుకి మడి తూము కనిపించింది. పోటు నీళ్ళు ఎక్కే వేళ. తూము తలుపు సరిగ్గా పడలేదేమో అనిపించింది. "మీరు నడుస్తూ ఉండండి, చూసి వచ్చేస్తా" అన్నాడు. చూశాడు. కొంచెం మట్టి వేశాడు. ఇంకొంచెం వేశాడు. రోడ్డు మీదికి వచ్చేసరికి, బస్సు వెళ్ళిపోయిన దుమ్ములో తిరపతమ్మ పిల్లతో నిలబడి ఉంది. ఆసుపత్రి కాగితం ఏడుకొండలు జేబులోనే ఉంది. అది లేకపోతే ఆసుపత్రిలో చూడరని ఆమె బస్సెక్కలేదు.

ఆసుపత్రి గేటు దగ్గరికి రాగానే ఒక పసివాడి ఏడుపు వినిపించింది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయిన ఏడుపు. వరండాలో ఒకామె వాణ్ణి భుజాన వేసుకుని అటూ ఇటూ నడుస్తోంది. ఆమె పేరు మస్తాన్‌బీ. ఆ రోజు గాటు పెట్టాల్సిన రెండో బిడ్డ వాడే, వాడికి రెండు పాదాలూ వంకరే. అప్పటికి పదింబావు. వీళ్ళు వస్తారని డాక్టరమ్మ గంట పైన ఎదురు చూసింది. ఆ గంటా పసివాడు ఆకలితోనే ఉన్నాడు. వీళ్ళు లోపలికి అడుగు పెట్టేసరికి దావీదు వచ్చి ఆ పిల్లాణ్ణి అందుకుని లోపలికి తీసుకుపోయాడు.

డాక్టరమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. "పదకొండింటికి ఆ గది ఇంకొకరికి ఇవ్వాలి. ఇవాళ ఒక్కరికే కుదురుతుంది. మీ పాపకి పాలు పట్టండి. వచ్చే గురువారం చూద్దాం" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఏడుకొండలు మస్తాన్‌బీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"నా మూలాన నీ బిడ్డ ఆకలికి ఏడ్చాడమ్మా" అన్నాడు.

ఆమె కొంగుతో భుజం తుడుచుకుంది. అక్కడ పిల్లవాడి కన్నీళ్ళు తడిగా ఉన్నాయి. "మాది దూరం అన్నా. రెండు బస్సులు మారాలి. తప్పుతుందేమోనని నిన్న సాయంత్రమే వచ్చి ఈ వరండాలోనే ఉన్నాం. వాడికేం తెలుసు, పాలు ఎందుకివ్వట్లేదో. నా ముఖం చూసి ఏడుస్తున్నాడు" అంది. ఆ మాట మెల్లగానే అంది. అందుకే ఆయనకి ఇంకా కష్టమనిపించింది.

తిరపతమ్మ మూలన కూర్చుని నాంచారికి పాలిస్తోంది. ఏడుకొండలు వెళ్ళి ఆమె పక్కన కూలబడ్డాడు. అప్పుడు తిరపతమ్మ నోరు విప్పింది.

"నువ్వు చెడ్డవాడివి కాదయ్యా. నాకు తెలుసు. కానీ నీకు ప్రతిదీ ఆగుతుందనే నమ్మకం. మడి ఆగుద్ది, బస్సు ఆగుద్ది, డాక్టరమ్మ ఆగుద్ది, నేనాగుతా. దీని కాలు ఆగదు."

ఆయన ఆ కాగితం జేబులోంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది నీ దగ్గరుంచు. నేను రాకపోయినా నువ్వు ఎక్కెయ్" అన్నాడు.

ఆ తర్వాతి గురువారం ఏమైందో తెలుసా? తెల్లవారుజామున ఆకాశం నల్లగా దిగిపోయింది. ఆ ఏటి ఆఖరి ఉప్పు అది. నాలుగు నెలలు ఇద్దరూ లాగి పోసిన రాశి గట్టు మీద ఉంది. ముందురోజు గాలికి పైన కప్పిన తాటాకులు సగం లేచిపోయాయి. చినుకు మొదలైంది.

ఏడుకొండలు పిల్లని గోనెపట్టా కింద గుండెకి హత్తుకుని గట్టు మీదుగా నడుస్తున్నాడు. వెనక తిరపతమ్మ. పక్క మడి నాగూరు తాత కేకేశాడు. "ఒరే కొండలూ, ఈ ఒక్క రాశీ కప్పి పోరా. ఎంతసేపు?"

ఏడుకొండలు కాళ్ళు ఒక్కక్షణం ఆగాయి. తిరపతమ్మ చూసింది. ఆయన్ని దాటుకుని ముందుకి నడిచింది.

"ఉప్పు మళ్ళీ పండుద్ది తాతా" అన్నాడు ఏడుకొండలు. ఆమె వెనకే నడిచాడు.

వాన పెద్దదైంది. వాగు దగ్గర మోకాలి లోతు నీళ్ళు. బస్సు రాదని రోడ్డు మీద ఎవరో చెప్పారు. అప్పుడు రొయ్యల లారీ ఒకటి వస్తే చెయ్యెత్తి ఆపి, డ్రైవరుకి కాలి కట్టు చూపించారు. అతను ఏమీ అడగకుండా ఎక్కించుకున్నాడు. తడిసి ముద్దయి, ఎనిమిదిన్నరకి ఆసుపత్రి వరండాలో కూర్చున్నారు. తలుపులు కూడా తీయలేదింకా.

తొమ్మిదింటికి డాక్టరమ్మ వచ్చింది. వాళ్ళని చూసి, "వానలో వస్తారనుకోలేదు" అంది. పిల్లని తనే ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళింది. అరగంటలో అయిపోయింది. పాదం తిన్నగా, కొత్త కట్టులో ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గట్టు మీద రాశి మోకాలెత్తు మిగిలింది. నాగూరు తాత కప్పగలిగింది అంతే. మిగతాదంతా నీళ్ళతో పోయింది. ఏడుకొండలు ఆ గట్టు మీద కొంచెంసేపు నిలబడ్డాడు. బాధ లేదని కాదు. ఆ ఏడు వాళ్ళకి కష్టంగానే గడిచింది. తిరపతమ్మ ఊళ్ళో వేరేవాళ్ళ రొయ్యలు వలవడానికి పోయింది. ఆయన వలల పడవల మీద కూలికి పోయాడు. కానీ గురువారాలు మాత్రం తప్పలేదు.

కట్లు అయిపోయాక, పాదం మళ్ళీ లోపలికి తిరగకుండా నాంచారికి కమ్మీతో కలిపిన చిన్న బూట్లు ఇచ్చారు. పడుకునేటప్పుడు రోజూ వెయ్యాలి. ఏడుకొండలే వేసేవాడు. మడమ దగ్గర ఆ పుండు తాలూకు మచ్చ మిగిలిపోయింది. పిల్లకి మాటలొచ్చాక ఒకరోజు, "ఇదేంటి నాన్నా?" అని అడిగింది.

ఆయన ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ, "నేను ఆలస్యంగా వచ్చానమ్మా ఆ రోజు" అన్నాడు. పిల్ల ఆ మచ్చని వేలితో తడిమి, "నొప్పి లేదులే" అంది. ఆయన బూటు తాడు కట్టడం మర్చిపోయి అట్లాగే కూర్చుండిపోయాడు.

అట్లా నాలుగేళ్ళు గడిచాయి. ఒక గురువారం పొద్దున ముగ్గురూ డాక్టరమ్మ ముందు కూర్చున్నారు. "నాంచారీ, ఈ తలుపు దగ్గర నుంచి ఆ కిటికీ దాకా నడువమ్మా" అంది డాక్టరమ్మ. పిల్ల నడిచింది. "ఇప్పుడు పరుగెత్తు" అంది. పిల్ల పరుగెత్తింది. పరుగెత్తి, ఆగకుండా వరండాలోకి పోయి, అక్కడ ఉన్నవాళ్ళందరినీ ఒక చుట్టు చుట్టి తిరిగొచ్చింది.

డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసి, కలం మూసేసింది.

ఏడుకొండలు లేచి నిలబడ్డాడు. "వచ్చే గురువారం తొమ్మిదింటికే కదమ్మా?" అన్నాడు.

"వచ్చే గురువారం బడికి పంపించండి" అంది డాక్టరమ్మ. "ఇక్కడికి ఇంక రానక్కర్లేదు."

తిరపతమ్మ అప్పుడు ఏడ్చింది. అన్నేళ్ళలో అదే మొదటిసారి.

నిద్రొచ్చిందా బంగారం? ఊఁ అనడం ఆపేశావు. సరే మరి.

కథేమో మెల్లగా కంచి దారి పట్టింది,
కంటికేమో చల్లగా కునుకు పట్టింది.