పదకొండో జత డిస్కులు

గౌరునాయుడు ఆ రోజు రాజీనామా కాగితం రాసి మరీ షెడ్డుకి వచ్చాడు.

సింహాద్రి మేస్త్రి షెడ్డులో తొమ్మిదేళ్ళుగా ఒకే రకం కారు తయారవుతోంది. గంటకి నాలుగొందల కిలోమీటర్లు పోవాలి. లోకం మొత్తానికి అలాంటివి ఐదే చేస్తారు. పోవడం వరకూ బాగానే కుదిరింది. ఆగడం దగ్గరే వచ్చింది చిక్కంతా. అంత జోరులో తొక్కితే బ్రేకు డిస్కులు వేడెక్కి పట్టు వదిలేస్తున్నాయి. వాటిని పోతపోసేది గౌరునాయుడే. ఆ పొద్దున పద్నాలుగో జత కూడా చేతులెత్తేసింది.

పనిమంతుడే పాపం. కానీ ఓపికకీ ఒక హద్దుంటుంది కదా.

"గురువుగారూ, ఈ కారెవరికండి?" అన్నాడు. "ఐదుగురు కోటీశ్వరులకి. వాళ్ళయినా ఏడాదికోసారి బయటికి తీసి, తుడిచి, మళ్ళీ లోపల పెట్టుకుంటారు. దానికోసం నా వయసంతా ఇక్కడ పోసేశాను. ఇంక నావల్ల కాదు."

మేస్త్రికి మాటలు తక్కువ, ఉన్నవాటిలో సగం తిట్లు. ఆ రోజు అవి కూడా రాలేదు.

"చొక్కా మార్చుకోరా. కొండమీదికెళ్ళాల," అన్నాడు.

బస్సులో మన్యం ఆసుపత్రికి చేరేసరికి అంబులెన్సు బయల్దేరుతోంది. లోపల నెలలు నిండిన పిల్ల. బిడ్డ అడ్డం తిరిగింది, కింద పట్నంలో పెద్దాసుపత్రికి చేర్చాలి. డ్రైవరు కిల్లో భీమన్న మేస్త్రిని చూసి దణ్ణం పెట్టాడు. గురుశిష్యులిద్దరూ అతని పక్కన ఇరుక్కుని కూర్చున్నారు.

ఆ ఘాటురోడ్డు దిగే బళ్ళకి ఒక కట్టుబాటుంది. సగం దిగాక ఊటకాలవ దగ్గర ఆగి, బ్రేకులు చల్లారేదాకా అరగంట కూర్చోవాలి. లారీ అయినా సరే, పెళ్ళిబస్సయినా సరే. ఆగకుండా పోయినవాళ్ళ గురించి అక్కడ ఎవరూ సరదాగా మాట్లాడుకోరు.

ఊటకాలవ వచ్చింది. నాలుగు లారీలు ఆగి ఉన్నాయి. భీమన్న ఆపలేదు.

గౌరునాయుడు ముందుకి వంగి చక్రాల చప్పుడు విన్నాడు. వేడెక్కిన బ్రేకు ఏం చేస్తుందో అతని కంటే ఎవరికి తెలుసు?

"ఆపవయ్యా. ఇంక తొక్కినా పట్టవు," అన్నాడు.

"ఆపితే అరగంట పోద్ది బాబూ. ఆ పిల్ల దగ్గర అరగంట నేదు," అన్నాడు భీమన్న.

వెనక ఆ పిల్ల మూలుగుతోంది. పక్కన మేస్త్రి కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ముందు మలుపు, దాని తర్వాత ఇంకో మలుపు. తొక్కిన ప్రతిసారీ బ్రేకు పట్టింది.

ఆసుపత్రిలో స్ట్రెచరు లోపలికి పోగానే గౌరునాయుడు ముందుచక్రం దగ్గర చతికిలబడి తొంగిచూశాడు. డిస్కు మీద తను ఉలితో కొట్టిన అంకె ఉంది. పదకొండు.

"ఇవి పనికిరావని నేను మూల పడేసినవి కదండీ," అన్నాడు.

"నాలుగొందల జోరుకి చాలవు. ఘాటుకి చాల్తాయి. సైజుకి తరిగి ఏసేను," అన్నాడు మేస్త్రి.

ఇద్దరూ మెట్లమీద కూర్చున్నారు. చాలాసేపటికి ఆ పిల్ల అత్త బయటికొచ్చింది. ఏడుస్తూనే నవ్వుతోంది.

"ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారయ్యా," అని, ఎవరో ఏమిటో తెలియకుండానే గౌరునాయుడి చేతులు పట్టుకుంది.

అతనికి సిగ్గేసింది. కళ్ళంట నీళ్ళు కూడా వచ్చాయి. దాచుకోలేదు.

"కొండమీద ఇలాంటి బళ్ళు ఇంకా ఉన్నాయా భీమన్నా?"

"ఇంకో ఐదు బాబూ. అన్నీ కాలవకాడ ఆగుతున్నాయి."

గౌరునాయుడు లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"పదిహేనో జత రేపు పోతపోద్దాం గురువుగారూ."

"రేపేటి," అన్నాడు మేస్త్రి. "కొలిమి ఆర్పొద్దని చెప్పే వచ్చేన్రా."