చిటపటలాడిన నూనె

నల్లగుట్టపాలెం సిమెంటు ఫ్యాక్టరీలో రైలింజను షెడ్డు చూసుకునే మేనేజరు పురుషోత్తం, ఏ వస్తువునైనా పూర్తిగా విరిగేదాకా బాగుచేయించకపోవడమే పొదుపనుకునేవాడు.

ఆ షెడ్డులో ఉన్నది ఒకే ఒక్క డీజిల్ ఇంజను. ముప్పై ఎనిమిదేళ్ళది. క్వారీ నుంచి సున్నపురాయి మోసుకొచ్చేది అదే. పాత ఇంజన్ని నడపడం తప్పు కాదు. దాని వయసుకి తగ్గ సేవ చెయ్యకుండా నడపడం తప్పు. పురుషోత్తం ఆ సేవనే కోసేసేవాడు. పైగా, మూడేళ్ళు వరసగా తక్కువ ఖర్చు చూపించాడని యాజమాన్యం అతనికి వెండి జ్ఞాపిక కూడా ఇచ్చింది!

మేరీరత్నం అనే అమ్మాయి వారం వారం ఇంజను నూనెను పరీక్షించేది. వేడి పెనం మీద ఒక చుక్క వెయ్యాలి. ఊరికే పొగొస్తే మంచి నూనె. చిటపటమంటే అందులో నీళ్ళు కలిసినట్టు. మిగిలిన నూనెని తేదీ రాసిన సీసాలో పోసి బీరువాలో దాచేది.

ఒక సోమవారం చుక్క చిటపటమంది.

మేరీరత్నం పరుగున వెళ్ళింది. "సార్, నూనెలోకి నీళ్ళు దిగుతున్నాయి. లోపల రబ్బరు రింగులు అరిగిపోయాయి. నాలుగు రోజులు ఇంజను ఆపితే మార్చెయ్యొచ్చు."

"ఏంటమ్మా, పోపు పెట్టుకుంటున్నావా?" అన్నాడు పురుషోత్తం. పక్కనున్నవాళ్ళు నవ్వారు.

"పోపు మాడితే కూర పోతుంది సార్. ఇది మాడితే ఇంజనే పోతుంది."

"నోరు బాగానే ఉంది. రిజిస్టర్లో 'బాగుంది' అని రాయి. లేదంటే రేపట్నుంచి ఇంట్లోనే పోపులు పెట్టుకో."

ఆమె రాసింది. ఆ వారమే కాదు, మరో ఐదు వారాలు రాసింది. ప్రతిసారీ పెనం మరికాస్త గట్టిగా చిటపటమనేది.

ఏడో వారం, క్వారీ ఎత్తు ఎక్కుతూ ఇంజను పెద్ద చప్పుడు చేసి బిగుసుకుపోయింది. నీళ్ళు కలిసిన నూనె లోపలి ఇరుసుని కాపాడలేకపోయింది. కొన్ని వేలతో పోయే పని లక్షల్లోకి వెళ్ళింది. రాయి రాక ఫ్యాక్టరీ ఆగిపోయింది.

యజమాని వచ్చాడు. పురుషోత్తం రిజిస్టరు తెరిచి చూపించాడు. "ఆరు వారాలూ నూనె బాగుంది సార్. ఈ డ్రైవరే అడ్డదిడ్డంగా తోలాడు."

డ్రైవరు మస్తాన్‌వలి ఇంకో రెండు నెలల్లో రిటైరవుతాడు. తప్పు అతనిదని తేలిస్తే ముప్పై ఏళ్ళ సర్వీసుకి రావలసిన డబ్బు రాదు. "ఆ ఎత్తు మీద నేనేనాడూ తొందరపడలేదు సార్" అంటున్నాడు. ఎవరూ వినడం లేదు.

"ఆ పుస్తకంలో ఉన్నది అబద్ధం సార్. రాసింది నేనే" అంది మేరీరత్నం.

"ఈ పిల్లకి మతి పోయింది!" అని అరిచాడు పురుషోత్తం.

ఆమె అతనివైపు చూడలేదు. పొయ్యి వెలిగించి పెనం పెట్టింది. బీరువాలోంచి ఆ ఆరు వారాల సీసాలూ తీసి వరసగా పేర్చింది. ఒక్కో సీసా బాగా కుదిపి ఒక్కో చుక్క వేసింది. మొదటిది చిటపటమంది. రెండోది ఇంకాస్త. ఆరోది టపాకాయలా పేలి యజమాని తెల్లచొక్కా మీద పడింది.

"పురుషోత్తం, ఈ చప్పుడు నీకు వినపడలేదా?"

అతను రిజిస్టరు మూసేశాడు. మేరీరత్నమే జవాబిచ్చింది.

"ఆయనకీ వినపడింది, నాకూ వినపడింది. ఇద్దరం నోరు మూసుకున్నాం. బండి తోలే మస్తాన్ బాబాయికి మాత్రం ఎవరమూ చెప్పలేదు."

పురుషోత్తం ఉద్యోగం పోయింది. మేరీరత్నానికి నెల జీతం కోశారు. మస్తాన్‌వలి పూర్తి డబ్బుతో రిటైరయ్యాడు. ఇంజను మాత్రం మళ్ళీ కదల్లేదు. ఆ వెండి జ్ఞాపిక ఇచ్చినవాళ్ళని ఎవరూ ఒక్క మాటా అనలేదు!

అందుకే చెబుతున్నా: చెయ్యాల్సిన మరమ్మతు ఎగ్గొట్టి మిగిల్చింది పొదుపు కాదు, ఇంకొకరి నెత్తిన పెట్టిన నష్టం, తెలిసీ 'బాగుంది' అని రాసినవాళ్ళకి కూడా అందులో వాటా ఉంటుంది.