రంపం కోత

కొండవాగు మీద తారకం స్వయంగా బిగించిన డైనమో అంటే ఆశ్రమంలో అందరికీ ముద్దే. అది ఇచ్చేది డీసీ కరెంటు. వాగు ఒడ్డునున్న వంటశాలలో, మందిరంలో దీపాలు నిండుగా వెలిగేవి.

చిక్కల్లా కొండ మీది వైద్యశాలతోనే. అంత దూరం తీగల్లో సాగేసరికి కరెంటు నీరసించిపోయేది. కాన్పులు చూసే సుభద్రమ్మకు బల్బు ఉన్నా గుడ్డి వెలుతురే.

పట్నం నుంచి వచ్చిన ఇంజనీరొకాయన చూసి, "ఏసీ యంత్రం పెట్టండి. ట్రాన్స్‌ఫార్మరుతో ఓల్టేజి పెంచి పంపితే దారిలో నష్టం తగ్గుతుంది. పైన మళ్ళీ దించుకోవచ్చు" అన్నాడు.

తారకానికి ఆ మాట మింగుడుపడలేదు. తిన్నగా గురువుగారు చిదంబరస్వామి దగ్గరికి వెళ్ళాడు. గాలివానకు కూలిన చెట్టు దుంగ పక్కన ఆయన రంపం పట్టుకుని నిలబడి ఉన్నారు.

"స్వామీ, నా కరెంటు ఒకటే దిక్కుకు నడుస్తుంది, సాధకుడి మనసులా. ఏసీ అలా కాదు. ముందుకో అడుగు, వెనక్కో అడుగు. అంత నిలకడలేనిది కొండెలా ఎక్కుతుంది?"

స్వామి రంపం రెండో పిడి అతనికి అందించారు.

"నీ వైపే లాగు. వెనక్కి పోనివ్వకు."

తారకం బలంకొద్దీ లాగాడు. స్వామి వైపు పిడి దుంగకు తగిలి ఆగిపోయింది. పళ్ళు బిగబట్టి ఇంకా లాగాడు. రంపం కదిలితే ఒట్టు.

"ఇప్పుడు వదులుగా పట్టుకో. నేను లాగితే ఇటు రానీ."

సర్రు, సర్రుమంటూ కోత సాగింది. పొట్టు జలజలా రాలింది. పచ్చి కలప వాసనకు తారకం తన వాదనే మరిచిపోయాడు. చివరికి దుంగ రెండై దొర్లింది.

"రంపం ఎంత దూరం వెళ్ళింది, తారకం?"

"ఎక్కడికీ వెళ్ళలేదు స్వామీ. అటూ ఇటూ..."

వంగి, దుంగ తెగిన చోట చెయ్యి పెట్టి చూశాడు.

కొత్త యంత్రాన్ని అతనే దగ్గరుండి బిగించాడు. వైద్యశాలలో దీపం నిండుగా వెలిగిన సాయంత్రం సుభద్రమ్మ నవ్వుతూ అడిగింది.

"ససేమిరా అన్నావు కదా నాయనా! స్వామివారు ఏం బోధించారేమిటి?"

"ఏమీ బోధించలేదమ్మా," అన్నాడు తారకం. "దుంగ కోయించారు."