బుగ్గన కరక్కాయ

దైవాధీనం మాస్టారిని ఏదడిగినా సూటిగా జవాబు చెప్పరు. అడిగినవాళ్ళ చేతే ఏదో ఒక పని చేయించి ఊరుకుంటారు. రిటైరై ఇన్నేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. పని చేశాక కూడా మనకు బోధపడకపోతే అది మన ఖర్మ.

మా బడిలో మూడో తరగతి చెప్పే శేషుకుమారి ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్న పిల్లే. ఆ ఆదివారం నాతోపాటు వచ్చి ఆయన వరండాలో కూలబడింది. పిల్లలకు చదవడం నేర్పే పద్ధతుల మీద మాకు పెట్టిన శిక్షణ ముందురోజే ముగిసింది. నేనూ అందులో కూర్చున్నవాణ్ణే గనుక చెబుతున్నాను, అక్కడ టీ బాగుంది. మిగతాది వినే ఓపిక నాకు లేకపోయింది. ఆమె మాత్రం మొదటి బెంచీలో కూర్చుని ప్రతి ముక్కా శ్రద్ధగా విన్నది. సర్టిఫికెట్ కూడా తెచ్చుకుంది. తెచ్చుకుని ఏం లాభం? మొహంలో నెత్తురుచుక్క లేదు, గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

"అన్నీ నేర్చుకున్నాను మాస్టారూ," అంది. "బొమ్మలు, అక్షరాల అట్టలు, ఆటలు, పాటలు, ఏదీ వదల్లేదు. అయినా ఈ పిల్లకి చదవడం రావట్లేదు. ఇంకా ఏం నేర్చుకోవాలి నేను? నావల్ల కాదేమో. ఏదైనా ఆఫీసు పనికి మార్చమని అడుగుదామనుకుంటున్నాను."

ఈ పిల్ల అంటే గడప దగ్గర నిలబడ్డ భార్గవి. వెనకాల వాళ్ళమ్మ నాంచారమ్మ చతికిలబడి ఉంది. ఇద్దర్నీ శేషుకుమారే బతిమాలి తీసుకొచ్చింది. మిరపకోతలు మొదలయ్యాయి. కోతకి ఇంకో రెండు చేతులు తోడైతే ఆ ఇంటికి అదో ఆసరా.

"మూడేళ్ళు చూశాను టీచరమ్మా," అంది నాంచారమ్మ. "ఇయ్యాల పెద్దాయన ముందర చదివితే బడికి పంపుతా. లేదంటే రేపట్నుంచి నాతోటే కోతకొస్తది. ఏమనుకోబాకండి." ఆ మాట కోపంగా అన్నా బాగుండేది. చాలా మెత్తగా అంది.

మాస్టారు పిల్లని తెలుగు వాచకం తీయమన్నారు. గడగడా చదివేసింది. వేలు ఇంకా పై వరుసలో ఉండగానే నోరు పేజీ దాటేసింది. అంతా కంఠతా! మాస్టారు ఆ పుస్తకం మూసి, బీరువాలోంచి ఆ పిల్ల ఎన్నడూ చూడని బొమ్మల కథ ఒకటి తీసి చేతికిచ్చారు. భార్గవి ఆగిపోయింది. తల ఎత్తి టీచరు నోటివంక చూసింది.

"మే..." అని అందించింది శేషుకుమారి.

"మేక!"

"గో..."

"గోడ!"

ఇది మా పంతుళ్ళందరికీ ఉన్న జబ్బే. సగం మాట మేమంటాం, మిగతా సగం క్లాసంతా అరుస్తుంది. కిటికీలు అదిరిపోతాయి. పాఠం వచ్చేసిందని మాకు సంతోషం. బడి పక్కగా పోయేవాళ్ళు కూడా అబ్బో, ఎంత బాగా చెబుతున్నారో అనుకుంటారు.

"గొంతు బాగా పాడైందమ్మా నీకు," అని మాస్టారు లోపలికి వెళ్ళి కరక్కాయ ముక్క తెచ్చారు. "ఇది బుగ్గన పెట్టుకుని రసం మింగుతూ ఉండు. నేను చెప్పేదాకా నోరు విప్పకు." తర్వాత పిల్లవైపు తిరిగి, "ఊఁ, కానియ్యి తల్లీ," అన్నారు.

భార్గవి మళ్ళీ టీచరు నోటివంక చూసింది. ఆ నోరు మూసే ఉంది. నా వంక చూసింది. నాకు నాలుక దురద పుట్టింది గానీ మాస్టారు ఉరిమి చూడటంతో నోరు మూసుకున్నాను. శేషుకుమారి చీర చెంగు మెలిపెట్టేస్తోంది. అబ్బ, ఆ కాసేపట్లో ప్రాణం విసిగిపోయిందనుకోండి! పుస్తకం పట్టుకుని నోరు మెదపని పిల్లని ఊరికే చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో మా వృత్తిలో ఉన్నవాళ్ళనడగండి.

నాంచారమ్మ నిట్టూర్చి లేచింది. "ఇంక చాల్లే, పదవే," అంది.

శేషుకుమారికి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఆ ఒక్క మాటా అందించేస్తే పిల్ల బడిలో ఉండిపోతుంది కదా అని ఆమె ఆరాటం. నోరు తెరవబోయింది. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

ఇంక ఎవరూ చెప్పరని భార్గవికి తెలిసిపోయింది. తల వంచి పుస్తకంలోకి చూసింది.

"ఎ... ఎక... ఎక్కి... ఎక్కింది." మళ్ళీ మొదటికి వెళ్ళింది. "మేక గోడ ఎక్కింది." కింది వరుసకి వేలు జరిపింది. "త... తడి... చీ... చీర... నమ... నమిలింది." ఆగి, పెదాలు కదిలిస్తూ లోలోపల మళ్ళీ చదువుకుంది. ఉన్నట్టుండి కిసుక్కున నవ్వింది.

"ఎందుకే నవ్వుతావు?" అంది తల్లి.

"మేక గోడెక్కి తడి చీర నమిలేసిందంటమ్మా!"

నాంచారమ్మ కాసేపు కూతురి మొహంలోకి చూసింది. "ఓసి దాని దుంపతెగ! తర్వాతేమైందంట?" అంటూ మళ్ళీ చతికిలబడింది. కథ అయ్యేదాకా కదల్లేదు. పోయేటప్పుడు, "రేపు కోతకి నేనొక్కదాన్నే పోతాలే టీచరమ్మా," అని చెప్పి పోయింది.

వాళ్ళు వీధి మలుపు తిరిగాక శేషుకుమారి కరక్కాయ తీసేసి భోరుమంది.

"పిల్ల తడబడితే కాస్త ఆగమని శిక్షణలో కూడా చెప్పారు మాస్టారూ. తలూపాను. రేపు మళ్ళీ క్లాసులో పిల్లలు నా మొహం చూస్తే మళ్ళీ అందించేస్తాను, నా సంగతి నాకు తెలుసు. ఊరుకోవడం ఎందుకు చేతకాదు నాకు?"

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారేమో అనుకున్నాం.

"మాట్లాడటం నాకు ఉద్యోగంలో చేరిన రోజే వచ్చిందమ్మా," అన్నారు చివరికి. "ఊరుకోవడం రిటైరయ్యాక వచ్చింది. అప్పటికి ఎదురుగా పిల్లలు లేరు."