జీడి గుర్తుల అసిరి

అనగనగా ఒక ఏరు. నీళ్లు తక్కువ, రాళ్లు ఎక్కువ. ఆ ఏటి ఒడ్డున ఒక చాకిరేవు. ఆ రేవులో ఒక అసిరి. మీరు చూడలేదు, మీకు ఈ కథ చెప్పేవాళ్లూ చూడలేదు. చూసినవాళ్లు చెప్పగా విన్నవాళ్లు చెప్పిన మాట ఇది.

అసిరికి ఒక మొగుడు, ఒక గాడిద. మొగుడి పేరు సూరన్న. అతనికి నడుం పట్టేసి బండ దగ్గర వంగలేడు. గాడిద పేరు సుక్కి. అది ఎక్కడైనా వంగుతుంది గానీ నడవమంటే నడవదు. కాబట్టి పనంతా అసిరిదే. ఉతికేది, ఆరేసేది, మడిచేది. మర్నాడు మళ్లీ ఉతికేది, ఆరేసేది, మడిచేది.

అసిరికి చదువు లేదు. కానీ ఊళ్లో ఏ గుడ్డ ఎవరిదో తప్పు పోయేది కాదు. నల్లజీడి గింజను సూదితో పొడిచి, ఆ రసంతో గుడ్డ మూల చిన్న గుర్తు పెట్టేది. ఒకరికి చుక్క, ఒకరికి గీత, ఒకరికి కొడవలి వంపు. గుడ్డ చిరిగిపోతుంది గానీ జీడి గుర్తు పోదు.

అలా ఉండగా, ఎక్కడో తూర్పున పెద్ద యుద్ధం వచ్చింది. ఏటికి అవతల చవిటి నేల చదును చేసి తెల్లదొరలు విమానాల క్యాంపు పెట్టారు. బాంబులు వేసే విమానాలు. ఒక్కో దాంట్లో ఇద్దరు. ఒకడు నడుపుతాడు, ఒకడు వెనక కూర్చుంటాడు. చవిటి నేల మధ్యలో సున్నంతో పెద్ద గుండ్రం గీశారు. కుర్రాళ్లు పైనుంచి గద్దలా దూకి, ఆ గుండ్రంలో ఇసుక నింపిన బాంబు పడేసి, మళ్లీ పైకి లేవాలి. అది వాళ్ల చదువు. చదువు ముగిస్తే యుద్ధానికి పంపుతారు.

క్యాంపు బట్టలు అసిరికి వచ్చాయి. ఖాకీ చొక్కా, ఖాకీ లాగు, ఖాకీ మేజోడు. అందరివీ ఒకలాగే ఉన్నాయి. అసిరి ఒక్కొక్కడికీ ఒక గుర్తు పెట్టింది. ఒక పేరూ పెట్టింది. వాళ్ల అసలు పేర్లు ఆమె నోట తిరగలేదు. పొద్దస్తమానం ఈల వేసేవాడు ఈల దొర, వాడికి మూడు చుక్కలు. గెలకు గెల కొని మంచం పక్కన వేలాడదీసుకునేవాడు అరటిపళ్ల దొర, వాడికి కొడవలి వంపు. వాళ్లిద్దరి మంచాలూ పక్కపక్కన. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే ఒడ్డు.

శనివారం మూటలు పంచేటప్పుడు అసిరి కుర్రాళ్లు పడుకునే పాక గుమ్మంలో నిలబడి పేరు పెట్టి పిలిచేది.

"పొడుగు దొరా!"

"ఉన్నా!" అనేవాడు వాడు. ఆ మాట ఆమే నేర్పింది.

"అరటిపళ్ల దొరా!"

"ఉన్నా!" వాడు నోట్లో పండు పెట్టుకునే అరిచేవాడు.

"ఈల దొరా!"

వాడు మాత్రం ఉన్నా అనడు. ఈల వేస్తాడు.

"నీకు నోట్లో నాలుక నేదేటి?" అనేది అసిరి. వాడు మళ్లీ ఈల వేసేవాడు. పిలుపు, పలుకు, చేతికి మూట. అలా జరిగేది.

మొదటి విమానం మంచులో పడింది. కొండ కనిపించక కొండను గుద్దింది. ఇద్దరూ కాలిపోయారు. పేర్లు రాసి మెడలో వేసిన అట్టబిళ్లలూ కాలిపోయాయి. తోలుపట్టీ కింద నొక్కుకుపోయిన చొక్కా ముక్కలు రెండు మిగిలాయి. క్యాంపు రైటరు ఆశీర్వాదం వాటిని పళ్లెంలో పెట్టి రేవుకు తెచ్చాడు. అతను తెలుగువాడు, దొరల మాటా రాసేవాడు, మన మాటా మాట్లాడేవాడు.

"అసిరమ్మా, ఏది ఎవరిదో చెప్పు. సమాధులు వేరువేరుగా కట్టాలి."

అసిరి చూసింది. "ఇది గీత. పొడుగు దొర. ఇది రెండు గీతలు. గెడ్డం దొర." చెప్పి మళ్లీ బండ దగ్గరకు పోయింది. ఉతికింది, ఆరేసింది, మడిచింది.

రెండో విమానం సున్నపు గుండ్రంలోకి దూకి మళ్లీ లేవలేదు. మళ్లీ పళ్లెం. మళ్లీ రెండు ముక్కలు. "ఇది ముంత. ఇది ముంత మీద చుక్క," అని రెండు పేర్లు చెప్పింది అసిరి. ఉతికింది, ఆరేసింది, మడిచింది.

"యుద్ధానికి పోకుండానే సచ్చిపోతన్నారేటే ఈల్లు?" అన్నాడు సూరన్న.

"నేర్సుకుంతన్నారు," అంది అసిరి. అంతకుమించి మాట్లాడే ఓపిక లేదు ఆమెకు. రోజూ చేతులు నీళ్లల్లో నానేవి. ఆ చేతులతో పెట్టిన గుర్తులే ఇప్పుడు పళ్లేల్లో వస్తున్నాయి. కొత్త కుర్రాళ్లు వస్తే వాళ్ల గుడ్డల మీద సూది ఆనించడానికి చెయ్యి బరువెక్కేది.

ఆ శనివారం జోరున వాన. ఆరీ ఆరని బట్టలు, బురదలో కదలని సుక్కి. అసిరి క్యాంపుకు చేరేసరికి కుర్రాళ్లందరూ భోజనాల దగ్గర ఉన్నారు. వాళ్లు వచ్చేదాకా నిలబడాలి. ఒక్కొక్కడినీ పిలవాలి. అసిరి గుమ్మంలో నిలబడి ఖాళీ మంచాలు చూసింది.

"ఈ ఒక్కపాలికీ ఏటవుద్ది?" అనుకుంది.

పిలవలేదు. ఒక్కో మంచం మీద ఒక్కో మూట పెట్టి ఇంటికి వెళ్లిపోయి పడుకుంది.

తర్వాతి శనివారం పొద్దున్నే రైటరు మాసిన బట్టలు రేవుకు పంపాడు. అసిరి వాటిని విడదీయకముందే మూడో విమానం పడింది. నేల వదిలిన వెంటనే దాని ఇంజను ఆగిపోయింది. తాటితోపు మీద కూలింది. ఇద్దరూ చెరోవైపు విసిరేసినట్టు పడ్డారు. ఒకడు పోయాడు. ఒకడికి ఊపిరి ఉంది. మొహాలు కాలిపోయాయి, ఎవడెవడో పోల్చుకునే వీల్లేదు.

ఆ విమానంలో వెళ్లింది ఈల దొర, అరటిపళ్ల దొర.

రైటరు పళ్లెం పట్టుకుని వచ్చాడు. "అసిరమ్మా, జాగ్రత్తగా చూడు. ఈ ముక్క పోయినవాడిది. ఈ ముక్క బతికున్నవాడిది. ఒకడి తల్లికి పోయాడని రాయాలి. ఇంకొకడి తల్లికి ఉన్నాడని రాయాలి."

అసిరి చూసింది. పోయినవాడి ముక్క మీద కొడవలి వంపు. బతికున్నవాడి ముక్క మీద మూడు చుక్కలు.

"పోయినోడు అరటిపళ్ల దొర," అంది. "బతికినోడు ఈల దొర."

"మధ్యాహ్నం టపా లారీకి ఉత్తరాలు పంపేస్తాం," అని రైటరు వెళ్లిపోయాడు.

అసిరి బండ దగ్గరకు వెళ్లింది. పొద్దున్న వచ్చిన మూటలు విప్పింది. విడదీస్తూ ఒక చొక్కా దగ్గర ఆగింది. దాని ముందంతా అరటికర మరకలు. గెల కోసుకునేవాడి చొక్కా. ఉబ్బలో పెట్టి ఉడికిస్తే గానీ పోని మరకలు. మూల తిప్పి చూసింది.

మూడు చుక్కలు.

ఇంకో చొక్కా తీసింది. అదీ అంతే. అరటికర, మూడు చుక్కలు. ఈల దొర అరటిపండు చూస్తేనే మొహం తిప్పుకునేవాడు.

అసిరి నీళ్లలో కూలబడింది. ఆ వాన రోజు పిలవకుండా పెట్టిన మూటలు. పక్కపక్క మంచాలు. ఇటుది అటు, అటుది ఇటు. ఖాకీకి ఖాకీ, కుర్రాళ్లు చూసుకోలేదు. వారం రోజులు ఒకడి గుడ్డలు ఒకడు కట్టారు. అంటే బతికున్నవాడు ఈల దొర కాడు.

"ఏటే అలా కూకున్నావు?" అన్నాడు సూరన్న ఒడ్డు మీంచి.

చెప్పింది. సూరన్న గొంతు తగ్గించి అన్నాడు. "ఒలే, ఊరుకో. పనిలోంచి తీసీస్తారు. ఇది తప్పయితే మొదటి నాలుగూ తప్పే అంతారు. ఆ కుర్రోడు కళ్లు తెరిస్తే ఆడే సెప్పుకుంతాడు."

"తెరవకపోతే?"

సూరన్న నడుం పట్టుకుని మెల్లగా ఒడ్డు దిగి వచ్చాడు.

"తెరవకపోతే, కొడుకు ముందే పోయిన తల్లి బతికున్నాడని ఎదురుసూసి, మళ్లీ పోయాడని ఏడుస్తాది. బతికున్నోడి తల్లి ఇప్పుడే ఏడిసీస్తాది. ఒకమ్మ ఏడుపు ఇంకొకమ్మ సేత ఏడిపించీడానికి నానెవుర్ని?"

తడి చీరతోనే ఏరు దాటింది. సుక్కిని పిలవలేదు. ఆ రోజెందుకో సుక్కి తనంతట తనే వెనక వచ్చింది.

క్యాంపులో పెద్ద దొర బల్ల మీద రెండు ఉత్తరాలు సంతకం చేసి ఉన్నాయి. బయట లారీ ఇంజను ఆడుతోంది. అసిరి రైటరుకు చెప్పింది. రైటరు ఆమెను పక్కకు తీసుకెళ్లాడు.

"అసిరమ్మా, ఇది నేను దొరకు చెబితే నీ పని పోతుంది."

"పోతే పోనీ బాబూ. సెప్పు."

చెప్పాడు. పెద్ద దొర బల్ల చరిచి అరిచాడు. ఆ అరుపు రైటరు తెలుగులో చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. చివరికి దొర ఒక్క మాట అడిగాడు.

"మరి ఇప్పుడు నీ మాట నిజమని ఏమిటి నమ్మకం?" అని తిప్పి చెప్పాడు రైటరు.

"నా మాట ఒద్దు బాబూ. ఆడి మాటే ఇందాం. ఆడి కాడికి తీసుకుపొండి."

ఆసుపత్రి గుడారంలో మంచం మీద గుడ్డలు చుట్టిన మనిషి. కళ్లు కూడా కనబడవు, నోటి దగ్గర చిన్న సందు. డాక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. పొద్దున్నుంచీ పిలుస్తున్నాం, పలకడం లేదన్నాడు.

అసిరి లోపలికి వెళ్లలేదు. గుడారం గుమ్మంలో నిలబడింది. శనివారం శనివారం నిలబడినట్టే నిలబడింది.

"ఈల దొరా!"

ఏమీ లేదు. కాలిన పెదాలకు ఈల ఎక్కడిది?

"అరటిపళ్ల దొరా!"

ఏమీ లేదు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. బయట లారీవాడు హారన్ కొట్టాడు.

అసిరికి ఒక్కసారిగా విసుగు వచ్చింది. వానకూ, బురదకూ, పళ్లేలకూ, తనకూ అన్నిటికీ కలిపి వచ్చిన విసుగు. మూట అందుకోకుండా పడుకున్నవాడిని కేకలేసినట్టు కేకేసింది.

"అరటిపళ్ల దొరా! నాకు నిలబడే ఓపిక నేదు, ఉన్నావా నేదా?"

గుడ్డల సందులోంచి, నీళ్లల్లోంచి వచ్చినట్టు, మాట వచ్చింది.

"ఉన్నా."

రైటరు ఆ రెండు ఉత్తరాలూ చింపేశాడు. లారీని ఆపి మళ్లీ రాశాడు. ఒక తల్లికి ఉన్నాడని, ఇంకొక తల్లికి లేడని. అసిరి గుడారం బయట నేల మీద కూర్చుంది. బతికినవాడి కోసం సంతోషించలేకపోయింది, పోయినవాడి కోసం ఏడవలేకపోయింది. చేతులు వాసన చూసుకుంది. జీడి వాసన.

తప్పు చేసిందని పనిలోంచి తీసేశారు. ఒప్పుకున్నందుకు ఏమీ ఇవ్వలేదు. ఎక్కడినుంచో వేరే చాకలిని తెచ్చారు. అతను మంచాల మీద మూటలు పెట్టి పోయాడు. కుర్రాళ్లు ముట్టుకోలేదు. రెండో వారం పెట్టాడు, ముట్టుకోలేదు. మూడో వారానికి క్యాంపంతా మాసిన బట్టలతో కంపు కొడుతుంటే పెద్ద దొర ఇదేమిటని అడిగాడు.

"మమ్మల్ని పేరు పెట్టి పిలవలేదు," అన్నారు కుర్రాళ్లు.

సోమవారానికి అసిరి మళ్లీ రేవులో ఉంది. ఉతికింది, ఆరేసింది, మడిచింది. పిలిచింది. ఆ తర్వాత వాన వచ్చినా, జ్వరం వచ్చినా, పిలవకుండా మూట పెట్టలేదు. ఇంకో విమానం పడింది, ఇంకోటి పడింది. పలకని పేర్లు పెరిగాయి. వాటినీ పిలిచేది. పలుకు రాకపోతే కాసేపు ఆగి తర్వాతి పేరు పిలిచేది.

అరటిపళ్ల దొర కట్లు విప్పాక ఓడెక్కి వెళ్లిపోయాడు. వెళ్లే ముందు రేవుకు వచ్చి ఒక గెల ఇచ్చాడు. సగం సుక్కి తినేసింది. యుద్ధం అయిపోయింది. క్యాంపు ఎత్తేశారు. సున్నపు గుండ్రాన్ని వానలు కడిగేశాయి. కొండ పక్కన వరసగా కట్టిన సమాధుల మీద దొరల అక్షరాలు ఉన్నాయి. ఊళ్లోవాళ్లకు అవి చదవడం రాదు. కానీ ఆ రాళ్ల మూలల్లో ఎవరో జీడిరసంతో గుర్తులు పెట్టారు. గీత, రెండు గీతలు, ముంత, ముంత మీద చుక్క, మూడు చుక్కలు, తర్వాత పోయినవాళ్లవీ. వానలకు పోతే మళ్లీ పెట్టేవారు. ఎవరు పెట్టేవారో అందరికీ తెలుసు.

అసిరి ఒక శనివారం మూటలన్నీ పంచి వచ్చి, గుమ్మంలో కూర్చుని, అలాగే పోయింది. ఏ మూటా తప్పు ఇంటికి పోలేదు.

ఇప్పుడు ఆ ఊళ్లో రేవు లేదు. ఇస్త్రీ బండి ఉంది, ఇళ్లల్లో మిషన్లు ఉన్నాయి. అయినా బట్టలు మడిచి ఇచ్చేటప్పుడు ఎవరూ ఊరికే మంచం మీద పడెయ్యరు. పేరు పెట్టి పిలుస్తారు. ఎవరి పేరుకు వాళ్లే పలకాలి. ఒకరి బదులు ఒకరు పలకకూడదు. బడిపిల్లలు పలక్కపోతే యూనిఫారం ఇవ్వరు.

ఇంకొకటి కూడా ఉంది. ఎవరైనా పెద్ద జ్వరం నుంచి లేచినా, దూరం పోయి తిరిగొచ్చినా, ఎలా ఉన్నావని అడగరు. గుమ్మంలో నిలబడి పేరు పిలుస్తారు. లోపలినుంచి "ఉన్నా" అని వినబడాలి. వినబడితే, పిలిచినవాళ్లు ఆ ఊళ్లో తరతరాలుగా అనే మాట అని, తమ పని చూసుకోవడానికి వెళ్లిపోతారు.

"అసిరి విన్నాది."